వెనక్కి చూసే నీటికుక్క

ఒట్టావా నుంచి బొమ్మ వచ్చిందని కబురు చేస్తే ఐలీ నిస్కానెన్ బడి విడిచాక నేరుగా పోలీసు స్టేషన్‌కి వెళ్ళింది. మేడమీద గదిలో అప్పటికే చీఫ్ లోర్నా ప్రిచర్డ్, పోలీసు బోర్డు అధ్యక్షుడు ఆర్చీ బెల్‌ఫోర్ బల్లకి చెరోవైపు కూర్చుని ఉన్నారు. గోడమీది తెరలో మదామ్ దువెర్నే కనిపిస్తోంది. ఆవిడ ఒట్టావాలో లాంఛనాల కార్యాలయంలో అధికారి. దేశంలో ఏ ఊరికైనా, ఏ దళానికైనా ఒక లాంఛనం, అంటే అధికార చిహ్నం, కావాలంటే అది ఆవిడలాంటి వాళ్ళ చేతులమీదుగా రావలసిందే.

బల్లమీద కాగితంలో నీలిరంగు డాలు ఉంది. డాలుకి అడ్డంగా అలలు తిరిగిన తెల్లటి పట్టీ. అది సరస్సు. పట్టీ మీద నడిచిపోతున్న వెండిరంగు నీటికుక్క. డాలు పైన కిరీటం, చుట్టూ మేపుల్ ఆకులు.

"చేపల దొంగ," అన్నాడు ఆర్చీ. "దొంగల్ని పట్టుకోమని జీతాలిస్తే వీళ్ళు దొంగని టోపీ మీద పెట్టుకుని ఊరేగుతారట. దీని జాతి మా నాన్న వలలు ఎన్ని చింపిందో మీకేం తెలుసు!"

"బడి పిల్లలు ఓట్లేశారు కదా ఆర్చీ," అంది చీఫ్. "దుప్పి, గద్ద, నీటికుక్క. నీటికుక్క గెలిచింది."

"పిల్లలకి ఓటు హక్కు ఇచ్చినవాళ్ళని అనాలి ముందు."

"ఇచ్చింది నేనే," అంది ఐలీ కోటు విప్పుతూ.

"ఆ సంగతి తెలిసే అంటున్నాను. కూర్చో."

టాలన్ బే పోలీసులకి ఇన్నాళ్ళూ సొంత బ్యాడ్జి లేదు. ఉన్నది సరుకుల పుస్తకంలో చూసి తెప్పించుకున్నది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటిదీ అదే, మధ్యలో పేరొక్కటే మారుతుంది. లోర్నా చీఫ్ అయ్యాక మనకంటూ ఒకటి ఉండాలని పట్టుబట్టి కమిటీ వేయించింది. కమిటీలో ఒక టీచరు కావాలంటే కానిస్టేబుల్ కైసా నిస్కానెన్ తన తల్లి పేరు చెప్పింది. "మా అమ్మని పెట్టుకోండి. చుక్క తప్పున్నా వదిలిపెట్టదు. మీ ప్రాణాలు తీస్తుంది, నాకు ఇంట్లో కాస్త ఊపిరాడుతుంది," అందట. ఆ మాట అన్న పిల్ల ఈ మార్చిలో పోయింది. ఐలీ కమిటీ మానేస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె ఒక్క సమావేశం కూడా తప్పలేదు.

ఐలీ కళ్ళద్దాలు పెట్టుకుని బొమ్మ దగ్గరికి లాక్కుని చూసింది.

"నేను కోరింది ఇది కాదు," అంది. "తల కుడివైపు ఉండాలని రాశాను. ఇందులో ఎడమవైపు చూస్తోంది."

తెరలో మదామ్ దువెర్నే ముందుకి వంగింది. "మీరు కుడి అన్నారు కాబట్టే అలా గీశానండీ. మా విద్యలో కుడి ఎడమలు చూసేవాళ్ళవి కావు. డాలు పట్టుకుని దాని వెనక నిలబడ్డ మనిషివి. ఆయన కుడి మీకు ఎడమ."

"టీచరుకి సున్నా!" అన్నాడు ఆర్చీ బల్లమీద చరిచి. "ఈ రోజు కోసం ఎన్నాళ్ళనుంచి చూస్తున్నాను! మా అమ్మాయిని నాలుగో తరగతిలో రెండేళ్ళు కూర్చోబెట్టావు నువ్వు."

ఐలీ కూడా కొద్దిగా నవ్వింది. తరువాత, తప్పుల్లేని వాక్యం కోసం వెతుక్కుంటున్నట్టు ఒక నిమిషం ఆగి చెప్పింది.

"అయితే మామూలు మాటల్లో చెబుతాను. తల వెనక్కి తిరిగి ఉండాలి. నడుస్తూ, వెనక్కి చూస్తూ."

ఆర్చీ తన చేతులకేసి చూసుకున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే అది.

మార్చి నెలాఖరుకి ఎండ తగిలి సరస్సు మీద మంచు కుళ్ళుతుంది. పైకి తెల్లగా గట్టిగానే కనిపిస్తుంది. లోపల మాత్రం కొవ్వొత్తుల కట్టలాగా నిలువునా విడిపోయి ఉంటుంది. చేపల కోసం గుడిసె వేసుకుని కూర్చున్న ఇద్దరు బావామరుదుల కింద అది విరిగింది. అందరికంటే ముందు అక్కడికి చేరింది కైసా, ఆమె జోడీ రెమీ గాబూరీ. కైసా తేలికైన మనిషి. నడుముకి తాడు కట్టుకుని బోర్లా పడుకుని పాకుతూ వెళ్ళింది. తాడు రెండో కొస ఒడ్డున రెమీ చేతిలో ఉంది. ఒకణ్ణి లాక్కొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. రెండోవాణ్ణి గట్టి మంచు పైకి నెట్టింది. వాడు పాక్కుంటూ వచ్చేశాడు. ఆమె కింద ఉన్న పలక తిరగబడింది, తాడు దాని అడుగున ఇరుక్కుపోయింది. బావామరుదులిద్దరూ బతికారు.

మొదట బయటపడ్డవాడు పత్రికవాళ్ళతో ఒక మాట చెప్పాడు. "రెండోసారి వెళుతూ సగం దూరంలో ఆగిందండీ. ఆగి ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఊరివైపు. తన ఇల్లు చూసుకుంటున్నట్టు."

ఆ మాటే ఐలీకి మిగిలింది.

"పోలీసు బ్యాడ్జి మీద జంతువు వెనక్కి చూస్తుంటే..." చీఫ్ మాట వెతుక్కుంది. "పారిపోతోందని ఎవరైనా అంటారేమో ఐలీ. మీరు కోరిందని కాదు. బయటివాళ్ళు."

"దొంగతనం చేసి, ఎవరైనా తరుముతున్నారేమో చూసుకుంటోంది అంటారు," అని ఆర్చీ గొణిగాడు. వెంటనే నాలుక కరుచుకుని, "ఏదో అన్నాన్లే," అన్నాడు.

"ఒళ్ళంతా వెనక్కి తిరిగితే అలా అనుకునేవాళ్ళున్నారు," అంది మదామ్ దువెర్నే. "నడక ముందుకీ చూపు వెనక్కీ ఉంటే అది వేరే భంగిమ. మాకు పాతదే, గౌరవమైనదే. దానికి వేరే మాట కూడా ఉంది. గీసి పంపిస్తాను. కానీ ఒకటి ఆలోచించుకోండి. తోలు కాగితం మీద రంగులు పడి నమోదైపోయాక అది మీ మనవలకి కూడా అలాగే ఉంటుంది. చీఫ్ మారినప్పుడల్లా మార్చుకునేది కాదు."

"అందుకే అడుగుతున్నాను," అంది ఐలీ.

ఎవరు ధరించాలో వాళ్ళు ముందు చూడాలన్నది ఆ స్టేషన్‌లో పద్ధతి. కొత్త కోటు వచ్చినా, కొత్త బూట్లు వచ్చినా క్యాంటీన్‌లో పెట్టి, అందరూ చూశాక చేతులెత్తిస్తారు. కొత్త బొమ్మ వచ్చాక అలాగే చేద్దామనీ, వచ్చే గురువారం తేల్చేద్దామనీ చీఫ్ చెప్పింది.

బడి సరస్సు ఒడ్డుకి పైన, గుట్టమీద ఉంటుంది. నాలుగో తరగతి కిటికీల్లోంచి అఖాతం మొత్తం కనిపిస్తుంది. కైసా పోయిన ఆ మధ్యాహ్నం ఐలీ కిటికీలకి వీపు పెట్టి బోర్డు మీద భిన్నాలు రాస్తోంది. వెనక బెంచీలోంచి ఒక పిల్ల, "టీచర్, మంచు మీద ఎవరో పడుకునున్నారు," అంది.

"చూపులు బోర్డు మీద," అంది ఐలీ. తిరిగి చూడలేదు.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముంది? టీచర్లు రోజూ అనే మాటే. కానీ లెక్క వేసుకుంటే ఆ మాట అన్న వేళా, కైసా ఆగి వెనక్కి తిరిగిన వేళా ఇంచుమించు ఒకటే. బిడ్డ చూసింది. తల్లి వీపు చూసింది. ఆ చూపు మంచు మీదుగా వచ్చి, గుట్ట ఎక్కి, కిటికీ అద్దం దగ్గర ఆగిపోయిందని ఐలీకి అనిపిస్తుంది. విచారణకి ఆమె వెళ్ళలేదు. వాళ్ళు పంపిన కాగితాలు విప్పకుండానే తిప్పి పంపింది. బోర్డు దగ్గర నిలబడ్డప్పుడల్లా వీపు మీద చిన్న బరువేదో ఆనినట్టుంటుంది, అంతే.

కొత్త బ్యాడ్జి గురించి ఆమె ఆశ పెద్దదేమీ కాదు. ఊళ్ళో పోలీసువాడు ఎదురైనప్పుడల్లా టోపీ మీదినుంచి ఆ నీటికుక్క వెనక్కి తిరిగి చూస్తుంది. ఎవరో ఒకరు దానికేసి చూస్తారు. బజారులో, బస్సు దగ్గర, బడి గేటు దగ్గర, ఎవరో ఒకరు. తను చూడకపోయిన చూపుని ఊరు చూస్తూ ఉంటుంది. అంతకంటే ఆమె ఏమీ కోరలేదు.

శనివారం మధ్యాహ్నం రెమీ గాబూరీ వచ్చాడు.

అతనిది ఈ ఊరు కాదు. సడ్‌బరీ వైపు నుంచి వచ్చిన ఫ్రెంచి మనిషి. యాభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. కైసా ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆమెకి జోడీ అతనే. శనివారం శనివారం పెరట్లో ఆవిరిగది వెలిగిస్తే అతను వచ్చేవాడు. రెండు గరిటెల నీళ్ళు కాలిన రాళ్ళ మీద పడి ఆవిరి లేచేసరికి తలుపు తోసుకుని బయటికి పరిగెత్తేవాడు. "ముసలాయన ఉడికిపోయాడే అమ్మా, దించేసెయ్!" అని కైసా లోపలినుంచి కేకలు పెట్టేది. అంత్యక్రియల తరువాత అతను ఈ గడప తొక్కలేదు. ఆవిరిగది కూడా మళ్ళీ వెలగలేదు.

ఐలీ కాఫీ పెట్టి, ఏలకుల రొట్టె కోసి ముందు పెట్టింది. అతను ముట్టుకోలేదు. యూనిఫారం లేకుండా, మడత నలగని చొక్కా వేసుకుని, ఇంటర్వ్యూకి వచ్చినవాడిలాగా కుర్చీ అంచున కూర్చున్నాడు.

"కొత్త బొమ్మ క్యాంటీన్‌లో పెట్టారు టీచర్ గారూ."

"నచ్చిందా అందరికీ?"

"నచ్చింది. బాగా గీశారు." ఆగాడు. "రెండుసార్లు ఎవరో పీకేశారు దాన్ని. చీఫ్ మళ్ళీ అంటించింది. పీకింది నేను."

ఐలీ కప్పు కింద పెట్టింది. "నువ్వా?"

"అవునండీ. చెప్పకుండా ఉండటం బాగోదని వచ్చాను. బదిలీకి పెట్టుకుందామనుకున్నాను. పెట్టుకుంటే మీరు నన్ను... కారణం తెలియకుండా వెళ్ళకూడదనిపించింది."

"ఏమిటి కారణం?"

రెమీ కిటికీలోంచి బయటికి చూశాడు. "మంచు మీదికి వెళ్ళేటప్పుడు మాకొక పద్ధతుంది. నేనే నేర్పాను కైసాకి. మంచు చప్పుడు చేస్తే ఆగాలి. ఆగి, తాడు పట్టుకున్నవాడికేసి చూడాలి. అరుపులు గాలికి వినపడవు కాబట్టి చూడాలి. వాడు తల అడ్డంగా ఆడిస్తే వెనక్కి వచ్చెయ్యాలి. ఊపితే వెళ్ళాలి. మంచు మీదున్నవాడికి తన కింద ఏముందో తెలియదు, ఒడ్డునున్నవాడికే కాస్త తెలుస్తుంది. అందుకని తాడు పట్టుకున్నవాడి మాటే మాట."

ఐలీ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"సగం దూరంలో చప్పుడయింది. ఆగింది. నాకేసి చూసింది. నేను తల ఊపాను."

రెమీ కిటికీ మీదినుంచి చూపు మరల్చుకున్నాడు.

"విచారణలో ఇదంతా చెప్పాను. తప్పు లేదన్నారు. ఆ మనిషి చేతులు జారిపోతున్నాయి, ఫైరింజను ఇంకా రాలేదు, ఎవరున్నా ఊపేవాళ్ళే అన్నారు. నిజమే కావచ్చు. మీకు తెలుసనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. బొమ్మ మీరు అడిగారని చీఫ్ అన్నప్పుడు తెలిసింది మీకు తెలియదని."

"అది ఊరివైపు చూసిందన్నారు," అంది ఐలీ. గొంతు తరగతిలో మాట్లాడినట్టే ఉంది, తొణకలేదు. "పత్రికలో రాశారు. బడివైపు."

"బడి నా వెనకే ఉంది కదండీ, గుట్టమీద. నాకేసి చూస్తే ఊరివైపు చూసినట్టే ఉంటుంది." తరువాత తొందరగా అన్నాడు: "బడి కూడా కనిపించే ఉండొచ్చు. మీరు గుర్తొచ్చే ఉండొచ్చు. ఎందుకు రారు? ఉండొచ్చు టీచర్ గారూ."

"ఉండొచ్చు అనకు."

"అలాగేనండీ."

"నీకు తెలిసిందే చెప్పు."

"తెలిసింది అదే. నన్ను చూసింది."

ఐలీ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. అక్కడ చెయ్యవలసిన పనేమీ లేదు. కాసేపు అటే తిరిగి నిలబడింది. ఇన్ని నెలలూ తను పొద్దున్నే లేచి బడికి వెళ్ళగలిగింది దేన్ని పట్టుకునో, అది ఈ మనిషిదట. తనకి రానే లేదట. పరాయివాళ్ళ ఉత్తరం చేతికొస్తే సొంతదనుకుని చదువుకున్నట్టయింది.

"భయపడిందా?" అంది తిరక్కుండానే.

"లేదండీ." రెమీ గొంతు మారింది. "కనుబొమలెత్తింది. 'ఏం ముసలాయనా, వెళ్ళనా వద్దా, త్వరగా తేల్చు' అన్నట్టు. అలా చూస్తుందే, ఆలస్యం చేస్తే."

ఎలా చూస్తుందో ఐలీకి తెలుసు.

"ఆ బొమ్మలో దాని మొహం కూడా అలాగే ఉందండీ. గీసినావిడకి తెలియదు పాపం. రోజూ టోపీ తీసి చేత్తో పట్టుకుంటే నాకేసి చూస్తుంది. ముందు నడిచేవాడి భుజం మీద, కారు తలుపు మీద, కాఫీ కప్పు మీద... రిటైరయ్యేదాకా. అడుగుతూనే ఉంటుంది." అతను లేచాడు. "మార్చమని రాలేదు నేను. మీరు అలాగే ఉంచండి. నేను అభ్యంతరం చెప్పను. ఎందుకు పీకానో మీకు తెలియాలని వచ్చాను. అంతే."

"వెళ్ళు రెమీ," అంది ఐలీ.

అతను వెళ్ళాడు. రొట్టె ముక్కలు పళ్ళెంలో అలాగే ఉన్నాయి.

ఆ తరువాతి రోజుల్లో ఐలీ మంచిగా ఆలోచించిందని చెబితే అబద్ధమవుతుంది. పిల్లల పుస్తకాలు దిద్దుతూ, బట్టలు ఉతుక్కుంటూ, ఆమె ఒకటే అనుకుంది: పెట్టుకోనీ. తల ఊపినవాడు ఆ చూపు నెత్తిన పెట్టుకుని తిరగనీ. నాకు ఒక్కసారి కూడా దొరకలేదు, అతనికి రోజూ దొరుకుతుంది, ఏడుపెందుకు? వంట చేస్తూ ఈ మాట పైకే అనేసి, తన గొంతు తనే విని ఊరుకుంది. కాసేపటికి మళ్ళీ అదే అనుకుంది. గురువారం మెట్లెక్కుతున్నప్పుడు కూడా ఆ మాటే మనసులో ఉంది.

చీఫ్ ఆ రోజు ఉత్సాహంగా ఉంది. "మంచి వార్త ఐలీ. నిన్న చేతులెత్తించాను. ఒక్కరు కూడా మిగల్లేదు. అందరూ ఎత్తారు."

"అందరూనా?"

"అందరూ. గాబూరీ మొదట ఎత్తాడు. అతన్ని చూసి మిగతావాళ్ళు."

ఆర్చీ గొంతు సవరించుకున్నాడు. "నేను కూడా ఒప్పుకున్నాననే రాసుకోండి. చేపల దొంగైతే అయింది, మన అమ్మాయి కోసం. ఎవడైనా పారిపోతోందంటే వాడి సంగతి నేను చూసుకుంటాను."

తెరలో మదామ్ దువెర్నే చిరునవ్వు నవ్వింది. మార్చిన బొమ్మ బల్లమీద ఉంది. నీటికుక్క నాలుగు కాళ్ళూ ముందుకే వేస్తోంది. మెడ మాత్రం మెత్తగా వెనక్కి తిరిగింది. కళ్ళ పైన ఒక చిన్న గీత, ఏదో అడుగుతున్నట్టు. బాగుంది. ఐలీ అనుకున్నదానికంటే బాగుంది.

"టోపీ మీద ఎలా ఉంటుందో చూద్దామని రేకు మీద అచ్చు వేయించాను," అంది చీఫ్. తలుపు తీసి కింది హాల్లోకి కేక వేసింది. "ఎవరున్నారక్కడ? గాబూరీ, ఒక్కసారి పైకి రా. మేజా మీదున్న ఆ టోపీ పెట్టుకుని రా!"

ఐలీకి వద్దనే వ్యవధి లేదు. బూట్ల చప్పుడు మెట్లెక్కి వచ్చింది. రెమీ తలుపు దగ్గర నిలబడ్డాడు. నిటారుగా, చేతులు పక్కలకి ఆనించి, కవాతులో నిలబడ్డట్టు. అతని నుదుటిపైన నీటికుక్క తల తిప్పి చూస్తోంది. దాని కింద అతని కళ్ళు ఎవరికేసీ చూడటం లేదు. ఎదురుగోడ మీద ఏమీ లేని చోట ఆనించి ఉన్నాయి.

"భేష్," అన్నాడు ఆర్చీ. "కాస్త ఇటు తిరుగు బాబూ. ఆ. ఇప్పుడు అటు."

రెమీ ఇటు తిరిగాడు. అటు తిరిగాడు. అతని మెడ మీద నరం ఒకటి కొట్టుకుంటోంది. మొహంలో ఇంకేమీ కదలలేదు. చెప్పినట్టు తిరుగుతున్నాడు.

ఐలీ చూస్తోంది. ఇన్ని రోజులూ అతనికి ఇది శిక్షగా ఉండాలనుకుంది. శిక్ష అతను అప్పుడే అనుభవిస్తున్నాడు. దానికి బ్యాడ్జి అక్కర్లేదు. ఈ రేకు ముక్క వల్ల కొత్తగా జరిగేదల్లా కైసా అడిగిన ప్రశ్నని ఊరంతా చేరి అతన్ని అడగటం. కైసా ఒక్కసారే అడిగింది. జవాబు అందుకుని వెళ్ళిపోయింది.

"టోపీ తీసెయ్ రెమీ," అంది ఐలీ.

అతను తీశాడు. బొమ్మ కనపడకుండా అరచెయ్యి దానిమీద పెట్టుకున్నాడు.

"లోర్నా, నేను పొరపాటు పడ్డాను. ఇది వద్దు. ముందు పంపినట్టే తల ముందుకి ఉంచండి."

ఆర్చీ కుర్చీ వెనక్కి జరిపాడు. "ఏమిటమ్మా ఇది! నువ్వు అడిగావని అందరిచేతా చేతులెత్తించాం. నేను కూడా, ఈ వయసులో, దొంగకి ఓటేశాను. ఇప్పుడు వద్దంటావా? ఏదో ఒకటి తేల్చుకోవద్దూ మనిషి?"

"తేల్చుకున్నాను ఆర్చీ."

"కారణమైనా చెప్పు."

"పోలీసు జంతువు వెనక్కి చూడకూడదని మీరే అన్నారుగా మొదటిరోజు. మీ మాటే నిజం."

"నేనెప్పుడన్నాను! లోర్నా అంది!"

చీఫ్ ఐలీ మొహంలోకి చూసింది. రెమీ వైపు చూసింది. విచారణ కాగితాలు ఆవిడ చదివినవే. ఆమె మొహం నెమ్మదిగా ఎర్రబడింది. "గాబూరీ, ఇక కిందికి వెళ్ళు," అంది తగ్గు గొంతుతో. అతను వెళ్ళలేదు. గడప దగ్గర అలాగే నిలబడ్డాడు. ఐలీ అతనికేసి చూడలేదు. చూస్తే అతను తనకేదో చెబుతాడనీ, అది విని తట్టుకోవడం తనవల్ల కాదనీ ఆమెకి తెలుసు.

"మీరు నిశ్చయంగా చెబుతున్నారా?" అంది మదామ్ దువెర్నే తెరలోంచి, మెల్లగా. "ఈ రోజు ఖాయం చేస్తే రేపు రంగులు మొదలవుతాయి. తరువాత నేనేమీ చెయ్యలేను."

"నిశ్చయంగానే చెబుతున్నాను."

"అయితే వర్ణన కూడా మార్చాలి. మీ దగ్గర ప్రతి ఉంది కదా?"

ఉంది. లాంఛనంలో బొమ్మ కంటే మాటలే ముఖ్యం. బొమ్మ పోయినా, ఆ మాటలు చదివి ఎవరైనా మళ్ళీ గీయగలగాలి. ఐలీ ముందున్న కాగితం మీద ఉంది: నీలి డాలు, వెండి అలల పట్టీ, దానిపై నడుస్తూ, వెనక్కి చూస్తూ, వెండి నీటికుక్క.

"'వెనక్కి చూస్తూ' అనేది కొట్టెయ్యండి," అంది మదామ్ దువెర్నే.

"దాని బదులు 'ముందుకి చూస్తూ' అని రాయాలా?"

"అక్కర్లేదండీ. మా పద్ధతిలో జంతువు ముందుకి చూడటం మామూలే. మామూలుగా ఉన్నదాన్ని మేం రాయం. ఏమీ రాయకపోతే ముందుకి చూస్తున్నట్టే లెక్క."

ఐలీ కలం తీసింది. జీవితమంతా పిల్లల తప్పుల కింద గీతలు గీసిన చెయ్యి అది. రెండు మాటల మీదుగా ఒక గీత గీసింది. అక్కడ ఇంకేమీ రాయవలసింది లేదు. వాక్యం అవి లేకుండానే సరిపోయింది. ఒక్కసారి మనసులో చదువుకుని చూసుకుంది. తప్పులేమీ లేవు.

తెరలో మదామ్ దువెర్నే బొమ్మ మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిల్‌తో కొత్త తల గీస్తోంది. మెడ నిటారయింది. కన్ను అవతలికి వెళ్ళిపోయింది. ఇప్పుడది ఎవరినీ అడగని మామూలు నీటికుక్క, దాని దారిన అది పోతోంది.

గడప దగ్గర బూట్ల చప్పుడయింది. మెట్లు దిగిపోయింది.

"ఇంకొకటి మిగిలింది," అంది మదామ్ దువెర్నే కాసేపాగి. "నాలుక, గోళ్ళు. మేం మామూలుగా ఎరుపు వేస్తాం. మీకు వేరే రంగేదైనా ఉందా?"

"దాని నాలుక రంగు కూడా మేమే చెప్పాలా?" అన్నాడు ఆర్చీ. ఎవరూ నవ్వలేదు. అతను లేచి వెళ్ళి కాఫీ పోసి, చక్కెర కలిపి, అడక్కుండానే తెచ్చి ఐలీ ముందు పెట్టాడు. ఆమె చక్కెర వేసుకోదు. అయినా కప్పు రెండు చేతులతో పట్టుకుంది.

"ఎరుపే ఉంచండి," అంది.